చెన్నైలో పరుపు: కాయరా, ఫోమా, లేటెక్సా?

వేళచ్చేరిలో అద్దెకుంటున్నాం, పాత దూది పరుపు ఉండలు కట్టేసింది, కొత్తది కొందామంటే ఒకరు మెమరీ ఫోమ్ అంటారు ఇంకొకరు ఆర్థో (నడుంకి మంచిదని చెప్పి అమ్మేది) అంటారు, బుర్ర తిరిగిపోతోంది. మా ఆయనకి నడుం నొప్పి. ఏసీ రాత్రి కాసేపే వేస్తాం. 25 వేల లోపు ఏం చూసుకోవాలో చెప్పండి ప్లీజ్

రిప్లై 1: ఏసీ తక్కువంటే మామూలు మెమరీ ఫోమ్ జోలికి పోకండి అక్కా, అది ఒంటి వేడికి మెత్తబడి ఆ వేడి పట్టి ఉంచేస్తుంది, మే నెలలో ఇక చెప్పక్కర్లేదు. లేటెక్స్ (రబ్బరు పరుపు) నయం, గాలాడుతుంది, కాకపోతే బరువు, రేటూ ఎక్కువే. పైన ఒక్క అంగుళం లేటెక్స్ వేసి కిందంతా మామూలు ఫోమ్ పెట్టి అమ్మేవీ ఉన్నాయి, ఏ పొర ఎంత మందమో, ఫోమ్ డెన్సిటీ (ఎంత దట్టంగా ఉందన్న లెక్క) ఎంతో అడిగి రాయించుకోండి. కాయర్ (కొబ్బరి పీచుది) చవకే గానీ కొన్నేళ్ళకి మధ్యలో గుంట పడుతుంది

రిప్లై 2: ఆర్థో అని లేబుల్ చూసి డబ్బులు పొయ్యకండి. నడుం నొప్పికి బల్లలా గట్టిగా ఉండాలని మనవాళ్ళంతా అంటారు కదా, 2003లో లాన్సెట్ అనే మెడికల్ జర్నల్‌లో వచ్చిన స్టడీలో మాత్రం గట్టిదాని కన్నా మీడియం ఫర్మ్ (మరీ గట్టీ కాదు, మరీ మెత్తా కాదు) వాడినవాళ్ళకే ఎక్కువ ఉపశమనం. షాపులో సార్‌ని పక్కకి తిరిగి పది నిమిషాలు పడుకోమనండి, సేల్స్‌మన్ మొహం చూడొద్దు 😀

రిప్లై 3: ముందు మంచం లోపలి కొలత తీసుకోండి, 75x60, 78x60 అంగుళాలు రెండూ క్వీన్ సైజే అంటారు. మరక పడితే వారంటీ ఇవ్వనివాళ్ళు ఉన్నారు, ప్రొటెక్టర్ (పరుపు మీద వేసే కవరు) కూడా కొనండి