విద్యుదయస్కాంతం: ఇది ఏ సమాసం?

ప్రశ్న
విద్యుత్ + అయస్కాంతం, జశ్త్వ సంధి. అంతవరకు పేచీ లేదు. విగ్రహవాక్యం దగ్గరే మా ఇంట్లో వాదన మొదలైంది. పదో తరగతి చదివే మా అమ్మాయి ‘విద్యుత్తూ, అయస్కాంతమూ’ అని ద్వంద్వం రాసింది. నేను ‘విద్యుత్తు చేత అయస్కాంతం’, తృతీయా తత్పురుష అంటున్నాను. పెద్దలు చెప్పగలరు.

జవాబు
అమ్మా, వస్తువు పేరుగా అయితే మీ మాటే సరి. ఇనుప మేకుకు పూత ఉన్న రాగి తీగ చుట్టి బ్యాటరీ కలిపితే గుండుసూదులు అంటుకుంటాయి, బ్యాటరీ తీసేస్తే దాదాపు అన్నీ రాలిపోతాయి. విద్యుత్తు వల్లే అది అయస్కాంతమైంది. పైగా ద్వంద్వమైతే తెలుగులో బహువచనం రావాలి: తల్లిదండ్రులు, సీతారాములు.

కానీ ‘విద్యుదయస్కాంత తరంగం’ అన్నచోట మీ అమ్మాయే గెలుస్తుంది. ‘సీతారామ కల్యాణం’లో లాగే ఇక్కడ ఆ బహువచనం లోపిస్తుంది. ఆ తరంగంలో విద్యుత్ క్షేత్రం మారితే అయస్కాంత క్షేత్రం, అది మారితే మళ్ళీ విద్యుత్ క్షేత్రం పుడతాయి. ఒకటి కారణం, రెండోది ఫలితం అని విడదీయలేం. కాంతి కూడా ఇలాంటి తరంగమేనని మాక్స్‌వెల్ 1865 నాటి వ్యాసంలో వాదించాడు.

నన్నడిగితే ఈ రెండు సమాసాల్లో ఆ శాస్త్రం చరిత్రే ఉంది. 1820లో కోపెన్‌హాగెన్‌లో అయర్‌స్టెడ్ తీగలో కరెంటు పంపితే దగ్గరున్న దిక్సూచి ముల్లు కదిలింది. తీగ వైపు లాగినట్టు కాదు, తీగకు అడ్డంగా తిరగబోయింది! అలా అడ్డంగా పనిచేసే బలాన్ని అప్పటిదాకా ఎవరూ ఊహించలేదు. అదే ఏడు ఆంపియర్, పక్కపక్కనున్న రెండు తీగల్లో కరెంటు ఒకే వైపు పోతే అవి దగ్గరకు లాక్కుంటాయని చూపించాడు. అయస్కాంతం ముక్కే అక్కర్లేదు. అప్పటికి తత్పురుష సరిపోయింది.

1831లో ఫారడే దాన్ని తిరగేశాడు. తీగచుట్టలోకి అయస్కాంతాన్ని తోసినా, బయటికి లాగినా కరెంటు పుట్టింది. ఊరికే లోపల ఉంచితే ఏమీ లేదు. నాగార్జునసాగర్ జనరేటర్లలో కరెంటు పుట్టేది ఈ సూత్రంతోనే.

మరొకరు
బాగుంది మాస్టారూ. మరి ‘విద్యుదయస్కాంత ప్రేరణ’ సంగతి?

జవాబు
అక్కడ తత్పురుష అసలు నప్పదండి. అయస్కాంతం వల్ల విద్యుత్తు పుట్టడాన్ని ‘విద్యుత్తు చేత అయస్కాంతం’ అని విడదీస్తే అర్థం తలకిందులవుతుంది. ద్వంద్వమే.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలండీ, మా అమ్మాయికి చూపించాను, ఎగిరి గంతేసింది. పాఠం పేరు ‘విద్యుదయస్కాంతత్వం’ అని ఉంది. అదీ ద్వంద్వమేనా?

జవాబు
నా ఉద్దేశంలో అంతేనమ్మా. చివరి ‘త్వం’ అయస్కాంతానికి ఒక్కదానికే తగిలిస్తే పాఠంలో ఫారడే భాగం పేరు బయటే ఉండిపోతుంది. రెంటినీ ముందు కలిపి, ఆ మొత్తానికి ‘త్వం’ చేర్చాలి.