ఏడో తరగతి అమ్మాయికి బడి తర్వాత సైన్స్ శిక్షణ: ఏది మేలు?

మేము బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాము. ఏడో తరగతి చదువుతున్న మా అమ్మాయి, పాత మిక్సీ మోటారు విప్పి రాగి తీగ చుట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చునే పిల్ల. కిందటేడు చేర్పించిన రోబోటిక్స్ తరగతిలో 11 మంది అబ్బాయిల మధ్య తనొక్కతే కావడంతో, స్క్రూడ్రైవర్ చేతికి రాక, నోట్సు రాసే పనే మిగిలింది.

8 నుంచి 18 ఏళ్ల అమ్మాయిలు జట్టుగా ఏర్పడి, తమ చుట్టూ ఉన్న ఒక సమస్యకు పరిష్కారంగా యాప్ తయారుచేసే టెక్నోవేషన్ గర్ల్స్ ఒకవైపు, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి రోబో నిర్మించి పోటీపడే ఫస్ట్ లెగో లీగ్ మరొకవైపు కనిపిస్తున్నాయి. మొదటిది ఉచితమే గాని, అందులో చేత్తో బిగించే పని తక్కువేమోనని నా సందేహం.

వీటిలో పిల్లలను చేర్పించినవారు, వారానికి ఎన్ని గంటలు పట్టిందో, జట్టుకు దారి చూపే మెంటరు ఎలా దొరికారో, సాయంత్రం రాకపోకలు (ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ సంగతి తెలిసిందే) ఎలా కుదిరాయో దయచేసి తెలియజేయగలరు.