అప్‌డేట్: నాన్నగారి రైఫిల్‌కు సైలెన్సర్ సంగతి

నాన్నగారి లైసెన్సు రైఫిల్‌కు శబ్దం తగ్గించే గొట్టం బిగించవచ్చా అని పోయిన నెల అడిగాను కదా, కుదరదు. గుంటూరులో మాకు తెలిసిన వకీలుగారు 1959 నాటి ఆయుధాల చట్టం తెరిచి, రెండో సెక్షన్ మీద వేలు పెట్టి చూపించారు. పేలినప్పుడు వచ్చే శబ్దాన్నో మెరుపునో తగ్గించే ఉపకరణం కూడా ఆ నిర్వచనంలో తుపాకీ కిందికే వస్తుందట! అంటే బిగించకుండా బీరువాలో దాచినా అనుమతి లేని ఆయుధం ఇంట్లో ఉన్నట్టే. రైఫిల్ లైసెన్సు దాన్ని కాపాడదు.

"చిన్న గొట్టమే కదా" అనుకున్న నా తెలివికి నాన్నగారు చాలాసేపు నవ్వారు. ఆన్‌లైన్‌లో ఏదో శుభ్రం చేసే సామాను పేరుతో కనిపించిన అలాంటి గొట్టాన్ని కొనకుండా వదిలేశాను. దానికి బదులు షూటింగ్ రేంజికి, శబ్దం వినపడకుండా చెవులు మూసే మఫ్‌లు కొన్నాం. వాటి లోపల ఆయన దూది కూడా కుక్కుకుంటారు, పాత అలవాటు.