ఎక్స్-రే టెలిస్కోప్‌లో అద్దం ఎలా పనిచేస్తుంది? ఆస్ట్రోశాట్ డేటా మనకి ఇస్తారా?

బీఎస్సీ_ఫిజిక్స్_ఫైనలియర్:
ఇస్రో అంతరిక్ష టెలిస్కోప్ ఆస్ట్రోశాట్ గురించి చదువుతూ ఒకచోట ఆగిపోయానండీ. ఎక్స్-రే ఒంట్లోంచే దూసుకుపోతుంది కదా, మరి అద్దం మీద పడితే వెనక్కి ఎలా వస్తుంది? అంత చొచ్చుకుపోయేది గాలి దాటి కిందికి ఎందుకు రాదు, దానికోసం శాటిలైట్ ఎందుకు? పనిలో పని, ఆ డేటా మనలాంటోళ్ళకి దొరుకుతుందా?

తోకచుక్క:
ముందు గాలి సంగతి. మన నెత్తిన ఉన్న గాలంతా కలిపితే పది మీటర్ల లోతు నీళ్ళంత బరువు తమ్ముడూ, పైగా ఆస్ట్రోశాట్‌లో ఎస్‌ఎక్స్‌టీ అనే ఎక్స్-రే టెలిస్కోప్ చూసేది 0.3 నుంచి 8 కేఈవీ (ఎక్స్-రే ఎనర్జీని కొలిచే యూనిట్), ఆస్పత్రిలో వాడే ఎక్స్-రే కన్నా చాలా నీరసం, ఇక కిందికి ఏం వస్తుంది. అందుకే 1962లో జియాకోనీ అనే సైంటిస్టు వాళ్ళు రాకెట్‌లో ఎక్స్-రేలని లెక్కపెట్టే కౌంటర్లు పెట్టి పంపారు, పైన ఉన్న ఆ కొద్ది నిమిషాల్లోనే స్కార్పియస్ ఎక్స్-1 అనే ఎక్స్-రే నక్షత్రం దొరికింది.

రాత్రి_డ్యూటీ:
అద్దం మీద నిటారుగా పడితే లోపలికి పోయి ఇంకిపోద్ది, నిజమే. కానీ ఒక డిగ్రీ లోపు వాలుగా, ఒరుసుకుంటూ పోతే అద్దం మీంచి పక్కకి మళ్ళుద్ది. అందుకే పళ్ళెంలాంటి అద్దం కాకుండా గొట్టంలో గొట్టం పెట్టినట్టు వరసలుంటాయి, ఎస్‌ఎక్స్‌టీలో బంగారం పూత, నాసా ఎక్స్-రే టెలిస్కోప్ చంద్రలో ఇరిడియం పూత. ఎనర్జీ పెరిగేకొద్దీ ఇంకా వాలుగా పడాలి, అందుకని ఆస్ట్రోశాట్‌లోనే 80 కేఈవీ దాకా చూసే లాక్స్‌పీసీ అనే పరికరంలో అసలు అద్దమే లేదు, జెనాన్ గ్యాస్ నింపిన పెద్ద డిటెక్టర్లు అంతే.

పల్సర్_ప్రేమికుడు:
డేటా ఇస్తారు, ఫ్రీగా! ఇస్రో వాళ్ళ డేటా సెంటర్ ఐఎస్‌ఎస్‌డీసీ సైట్‌లో రిజిస్టర్ అయ్యి దించుకో. ఫొటో ఉంటుందనుకోకు, ఏ ఫోటాన్ (ఒక్కో ఎక్స్-రే కణం) ఏ క్షణంలో వచ్చింది, ఎనర్జీ ఎంత, ఇలా ఒక్కోదానికి ఒక్కో వరస ఉంటుంది, నాకైతే అదే అద్భుతం. గిర్రున తిరిగే న్యూట్రాన్ నక్షత్రం క్రాబ్ పల్సర్‌తో మొదలెట్టు, 33 మిల్లీసెకన్లకోసారి కొట్టుకుంటుంది. ఎస్‌ఎక్స్‌టీ ఫైల్ మాత్రం తీసుకోకు, అది ఫ్రేమ్‌కి 2.4 సెకన్లు తీసుకుంటుంది, పల్స్ కనపడదు, లాక్స్‌పీసీదే కావాలి. గ్రాఫ్‌లో మధ్యమధ్య ఖాళీలొస్తే కంగారుపడకు, భూమి అడ్డొచ్చినప్పుడు, దక్షిణ అట్లాంటిక్ మీద రేడియేషన్ ఎక్కువున్న చోటు దాటేటప్పుడు డేటా ఉండదు.

బీఎస్సీ_ఫిజిక్స్_ఫైనలియర్:
థాంక్స్ అన్నా! మరి సాఫ్ట్‌వేర్ విండోస్‌లో నడుస్తుందా?

పల్సర్_ప్రేమికుడు:
ఉబుంటు లినక్స్ వేసుకో, ఈ డేటా చూసే నాసా సాఫ్ట్‌వేర్ హీసాఫ్ట్ దాంట్లో బాగా నడుస్తుంది. పీరియడ్ వెతికే ముందు బ్యారీసెంటర్ కరెక్షన్ (ఫోటాన్ టైములని సౌరకుటుంబం బరువు కేంద్రం దగ్గర లెక్కకి మార్చడం) మర్చిపోకు, శాటిలైట్, భూమి రెండూ తిరుగుతుంటాయి కాబట్టి అది చెయ్యకపోతే పల్స్ చెదిరిపోద్ది. ప్లాట్ వచ్చాక ఇక్కడే పెట్టు, చూద్దాం.