సొరొకినా–విస్లోవా లండన్ రికార్డు 3–3 అనాలా, 3–1 అనాలా?

రష్యా బ్యాడ్మింటన్ డబుల్స్ క్రీడాకారిణి వలేరియా సొరొకినా కెరీర్ గెలుపోటముల పట్టిక తయారు చేస్తున్నాను. 2012 లండన్ ఒలింపిక్స్ దగ్గర ఆగిపోయాను.

నీనా విస్లోవాతో కలిసి ఆమె గ్రూప్ ఎలో చైనా జోడీ వాంగ్ షావోలి–యూ యాంగ్ చేతిలో, కొరియా జోడీ చేతిలో ఓడింది. కెనడాపై గెలిచింది. జూలై 31న కావాలని ఓడేందుకు ఆడారంటూ మర్నాడు నాలుగు జోడీలను డిస్‌క్వాలిఫై చేశారు. వాటిలో ఈ చైనా, కొరియా జోడీలు కూడా ఉన్నాయి. దాంతో రష్యా, కెనడా క్వార్టర్స్‌కు వెళ్లాయి. రష్యన్లు దక్షిణాఫ్రికాను ఓడించారు, సెమీస్‌లో చైనాకే చెందిన తియాన్ చింగ్–జావో యున్‌లే చేతిలో ఓడారు. ఆగస్టు 4న కెనడాపై 21-9, 21-10తో కాంస్యం గెలిచారు. బ్యాడ్మింటన్‌లో రష్యాకు అదే తొలి ఒలింపిక్ పతకం.

స్కోరు షీట్లు, అప్పటి పత్రికా కథనాలు, గణాంకాల సైట్లు చూశాను. స్కోర్లు దొరికాయి కానీ, గ్రూప్ దశలోని ఆ రెండు ఓటములు లెక్కలో ఉన్నాయో (ఉంటే 3–3) లేదో (లేకపోతే 3–1) తేలలేదు. ఈమెయిల్‌కు జవాబు లేదు.

(మన జ్వాల–అశ్విని గ్రూప్ బిలో పాయింట్ల తేడాతో పోయిన గొడవ వేరు. ఆ బాధ నాకూ ఉంది, ఇక్కడ మాత్రం కలపకండి!)

గ్రూప్ దశ ఆడేశాక ప్రత్యర్థి డిస్‌క్వాలిఫై అయితే, అప్పటికే ఓడిన మ్యాచ్‌లు ఆటగాళ్ల రికార్డులో ఉంటాయా, రద్దవుతాయా? నిబంధన తెలిసినవారు చెప్పగలరా?