పైవాళ్లు గిన్నెలు తోమితే మా సింకు నిండుతోంది

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి):

నమస్కారం. మాది స్టిల్టు పార్కింగు మీద కట్టిన ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. మేముండేది మొదటి అంతస్తులో. రెండు నెలలుగా ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య, అంటే అన్ని ఇళ్లలోనూ గిన్నెలు తోమే వేళకు, మా వంటింటి సింకులోకి నీళ్లు వాటంతటవే పైకి వస్తున్నాయి. మేము ఆ పూట కుళాయి తిప్పకపోయినా సరే, సబ్బు నురగతో పాటు మెతుకులు, మేము వండని సాంబారులోని ఆవాలు, కరివేపాకు తేలుతూ ఉంటాయి. ప్లంబరు రెండుసార్లు వచ్చి, బాటిల్ ట్రాప్ విప్పి కడిగి, స్ప్రింగు తిప్పి, చివరకు ఒక సీసా యాసిడ్ కూడా పోసి వెళ్లారు. పది రోజులకు కథ మళ్లీ మొదటికి వచ్చింది. సింకు మీది కాబట్టి ఖర్చు కూడా మీదేనని అసోసియేషన్ వారు అంటున్నారు. ఇది చాలదన్నట్టు, చుట్టాలు వస్తే తప్ప వాడని చిన్న బాత్రూములో మురుగు వాసన మొదలైంది. ఈ రెండింటికీ మూలం ఒకటేనా? ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు 1 (ఉప్పల్ నుంచి, అసోసియేషన్ మాజీ కార్యదర్శి):

మీ సింకులో ఏ లోపమూ లేదండీ. మీరు పోయని నీళ్లు మీ సింకులోకి వస్తున్నాయంటే, మీ పైపు షాఫ్టులోని నిలువు పైపులో కలిసే చోటుకు దిగువన ఎక్కడో అడ్డు పడిందన్నమాట; కిందికి దారి దొరకని పైఅంతస్తుల నీళ్లు, ఆ లైనులో అన్నిటికంటే పల్లంలో ఉన్న మీ సింకును వెతుక్కుంటున్నాయి. మీ సింకులోంచి తిప్పిన స్ప్రింగు మొదటి ఒకటి రెండు మలుపులు దాటి అక్కడిదాకా వెళ్లడం కష్టం.

ముందు ఒక్క పని చేయండి. సింకు నిండి ఉన్న సమయంలోనే కిందికి వెళ్లి, వంటింటి లైను కలిసే చాంబరు మూత ఎత్తించి చూడండి. చాంబరు కూడా నిండి ఉంటే అడ్డు రోడ్డు వైపున ఉన్నట్టు. అప్పుడు రోడ్డు మీది మ్యాన్‌హోల్ కూడా పొంగుతుంటే 155313కు ఫోన్ చేసి జలమండలికి ఫిర్యాదు ఇవ్వాలి. చాంబరు ఖాళీగా ఉంటే మాత్రం అడ్డు మీ భవనం పైపులోనే ఉంది.

స్టిల్టు ఉన్న భవనాల్లో నిలువు పైపు నేరుగా నేలలోకి దిగకుండా, పార్కింగు పైకప్పు కింద కొంత దూరం అడ్డంగా పోయి, తర్వాత కిందికి దిగడం మామూలే. ఆ అడ్డపైపుకు పది అడుగులకు మూడు అంగుళాల వాలైనా ఉండాలి. ఒక్క క్లాంపు ఊడితే పైపు జారి మధ్యలో పల్లం ఏర్పడుతుంది. వేడిగా ఉన్నంతసేపు జారిపోయే నెయ్యి, నూనె అక్కడికి వచ్చేసరికి చల్లారి పేరుకుంటాయి. మా భవనంలో కూడా జరిగింది ఇదే.

జవాబు 2 (విజయవాడ నుంచి, రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు):

యాసిడ్ గురించి ఒక మాట. బాత్రూములు కడిగే యాసిడ్ సున్నపు గారను కరిగిస్తుంది గాని కొవ్వును కరిగించదు, కాబట్టి వంటింటి లైనులో దాని వల్ల ఒరిగేదేమీ లేదు. కాస్టిక్ సోడా కొవ్వును సబ్బుగా మారుస్తుందన్నది నిజమే, అయితే పూర్తిగా మూసుకుపోయిన పైపులో అది కదలకుండా నిలిచి, విపరీతంగా వేడెక్కి, పీవీసీని మెత్తబరచగలదు. అల్యూమినియం తగిలితే హైడ్రోజన్ వాయువు పుడుతుంది. యాసిడ్, కాస్టిక్ సోడాల్లో ఒకటి పోసిన చోట రెండోది పోస్తే చిమ్మి మీద పడుతుంది. యాసిడ్‌కు బ్లీచింగ్ పౌడర్ కలిస్తే వెలువడేది క్లోరిన్. ఇకపై ఎవరు పైపు విప్పినా, అందులో ఏమేం పోశారో ముందే చెప్పండి. ఆ నీళ్లు పడేది ఆ మనిషి ముఖం మీదే.

మరుగుతున్న నీళ్లు కూడా వద్దు. అవి కొవ్వును కరిగించి, మరో పది అడుగుల అవతల, చేయి అందని చోట గడ్డకట్టిస్తాయి.

బాత్రూము వాసనకు బహుశా దీనితో సంబంధం లేదు. నేల మీది నహానీ ట్రాప్‌లో సుమారు రెండు అంగుళాల లోతున నిలిచే నీళ్లే మురుగు గాలిని ఆపే తలుపు. వాడని బాత్రూములో ఆ నీళ్లు ఆవిరైపోతాయి. వారానికి రెండు చెంబుల నీళ్లు పోయండి. ఊరెళ్లేటప్పుడు వాటి మీద ఒక చెంచా నూనె వేస్తే ఆవిరి కావడం బాగా తగ్గుతుంది. నీళ్లు నిండుగా ఉన్నా వాసన వస్తూ, పైన ఫ్లష్ చేసినప్పుడల్లా మీ ట్రాప్ గుడగుడలాడుతుంటే మాత్రం, డాబా మీది గాలి గొట్టం మూసుకుపోయిందేమో చూపించాలి.

జవాబు 3 (వరంగల్ నుంచి):

చాంబరు నిండి ఉన్నా, అందులోకి గాని మ్యాన్‌హోల్‌లోకి గాని మనిషిని దింపవద్దు. రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి దింపి పని చేయించడాన్ని 2013 నాటి చట్టం నేరంగా పరిగణిస్తుంది. అక్కడ పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగేకొద్దీ ముక్కుకు వాసన తెలియకుండా పోతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన రావడం లేదు గదా అని ధైర్యం చేసే క్షణమే అన్నిటికంటే ప్రమాదకరమైనది.

ప్రశ్న అడిగినవారు (తొమ్మిది రోజుల తర్వాత):

అందరికీ కృతజ్ఞతలు. ఆదివారం ఉదయం సింకు అంచుదాకా నిండి ఉండగా వాచ్‌మన్ చేత చాంబరు మూత ఎత్తించాను. అడుగున తడి తప్ప చుక్క నీరు లేదు. పార్కింగులో ఓ కారు వెనుక, పైకప్పు కింద క్లాంపు ఊడి అడ్డపైపు పొట్టలా జారి కనిపించింది. కర్రతో తడితే మిగతా చోట్ల డొల్లగా మోగింది, అక్కడ మాత్రం గోడను కొట్టినట్టు వినిపించింది. కోయించి చూస్తే, మైనంలా తెల్లగా గడ్డకట్టిన కొవ్వులో టీ పిప్పి, గిన్నెలు తోమే స్టీలు పీచు ఇరుక్కుని, మధ్యలో వేలు పట్టేంత సందు మిగిలింది. కొత్త పైపు వేసి, తొంభై డిగ్రీల బెండు బదులు నలభై ఐదు డిగ్రీల బెండ్లు రెండు పెట్టారు. ఇకపై తెరిచి శుభ్రం చేయడానికి డోర్ టీ కూడా బిగించారు. మా సింకుకు చాంబరు దాకా విడి లైను వేయమని ప్లంబరే సలహా ఇచ్చారు, మేము సరేనన్నాము. బాత్రూము వాసన రెండు చెంబుల నీళ్లతో పోయింది.

ఫోటోలు చూశాక పైపు ఖర్చు అందరూ పంచుకోవడానికి అసోసియేషన్ ఒప్పుకుంది. రెండో అంతస్తు వారు మాత్రం, తమ సింకులోకి ఎన్నడూ నీళ్లు రాలేదు కాబట్టి తమ వాటా ఇవ్వనంటున్నారు.

జవాబు 1 (ఉప్పల్ నుంచి):

మీకు విడి లైను పడ్డాక, ఆ పైపు ఈసారి అడ్డుపడితే నీళ్లు పైకి వచ్చేది వారి సింకులోకే. ఆ మాట వారికి మీటింగులో నలుగురి ముందు చెప్పండి.