బిస్కెయిన్ బే దాటి రీఫ్ దాకా 19 అడుగుల బోటులో వెళ్ళొచ్చా?

గాలం_కొత్తోడు:
అందరికీ నమస్తే. మేముండేది హోమ్‌స్టెడ్, మయామీకి కాస్త కింద. రెండు నెలల కిందట సెకండ్ హ్యాండ్‌లో 19 అడుగుల సెంటర్ కన్సోల్ (స్టీరింగ్ నడిమధ్యలో ఉండే బోటు) కొన్నాను, 115 హార్స్ పవర్ ఇంజను. ఇప్పటిదాకా బే లోపలే తిప్పుతున్నా, అరచెయ్యంత గ్రంట్ చేపలు తప్ప ఏం పడట్లేదు, ఇంట్లో పులుసుకి కూడా సరిపోవట్లేదని వెక్కిరింపులు. ఈ శనివారం మా బావమరిది పిల్లల్తో వస్తున్నాడు, హోమ్‌స్టెడ్ బేఫ్రంట్ నుంచి బే దాటి, సీజర్ క్రీక్ (దీవుల మధ్య సన్నటి నీటి దారి) గుండా బయట సముద్రంలోకెళ్ళి రీఫ్ (పగడపు దిబ్బ) మీద యెల్లోటైల్ చేపలు పట్టుకుందామని ప్లాన్. పొద్దున్నే 6 కి బయల్దేరి సాయంత్రం చల్లబడ్డాక వద్దాం అనుకుంటున్నా. నాకు భయమల్లా బయట సముద్రం గురించే, బే అయితే మోకాలి లోతు చెరువు లాంటిదే కదా, దాని గురించి పెద్దగా ఆలోచించక్కర్లేదు కదా?

కీస్_కాపు:
బ్రో, నువ్వు తిరగేసి భయపడుతున్నావ్. ఆ మోకాలి లోతే కొంప ముంచేది. నీ బోటు ఇంజను పూర్తిగా దించితే రెండడుగుల పైనే నీళ్ళు కావాలి, అక్కడక్కడ గడ్డి మీద ఆటు టైములో (నీళ్ళు వెనక్కి తగ్గేటప్పుడు) అవి కూడా ఉండవు. నేను మొదటి ఏడాదే ఒక గడ్డి మేట ఎక్కించేశా, ఫోన్‌లో మ్యాప్ చూస్తూ "ఇక్కడ నీలం రంగేగా" అనుకుంటూ 25 మైళ్ళ స్పీడులో, మూడు గంటలు నడి ఎండలో కూర్చున్నాం, మా ఆవిడ ఇప్పటికీ ఎవరింటికెళ్ళినా అదే కథ చెప్తుంది.

నీ టైమింగ్ దగ్గరే అసలు తప్పుంది. పొద్దున 6 కి బయల్దేరితే నువ్వెళ్ళేది తూర్పుకి, ఎండ సూటిగా కళ్ళల్లో కొడుతుంది, నీళ్ళ అడుగు అస్సలు కనపడదు. సాయంత్రం వచ్చేటప్పుడు పడమరకి, మళ్ళీ ఎండ మొహం మీదే. రెండు ట్రిప్పులూ గుడ్డిగానే నడుపుతావన్నమాట. 9 దాటాక, సూర్యుడు కాస్త పైకొచ్చాక బయల్దేరు, పోలరైజ్డ్ కళ్ళద్దాలు పెట్టుకో, అప్పుడు రంగు తెలుస్తుంది. గోధుమ రంగు కనిపిస్తే గడ్డో రాయో, నీళ్ళు తక్కువ. తెల్లగా ఉంటే ఇసుక, లోతు ఉండొచ్చు ఉండకపోవచ్చు, నమ్మకు. నీలంగా ఉంటే వెళ్ళిపో. ఇక్కడోళ్ళు దీనికి ప్రాస కలిపి పాట కూడా కట్టుకున్నారు.

తిరుగు ప్రయాణం మధ్యాహ్నం ఒంటిగంటకల్లా మొదలెట్టెయ్. ఎండాకాలం ఇక్కడ రెండు మూడు అయ్యేసరికి ఉరుములు మెరుపులు, ఆ టైములో బే మధ్యలో అందరికంటే ఎత్తుగా ఉండేది నీ గాలం కర్రే.

ఉప్పాడ_అబ్బాయ్:
పైన అన్న చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. నేను ఒకటే కలుపుతా. మాది కాకినాడ పక్కన, అక్కడ బే కూడా ఇంతే, హోప్ ఐలాండ్ అడ్డంగా ఉండబట్టి లోపల కెరటం ఉండదు కానీ గోదావరి ఒండ్రు పడీ పడీ లోతు ఉండదు. మా తాత నీళ్ళలో గెడ దింపి చూడనిదే పడవ కదిపేవాడు కాదు, ఇంజను పెట్టుకున్నాక కూడా గెడ పడవలోనే ఉండేది. నువ్వూ ఒక పొడుగాటి కర్ర పెట్టుకో, డెప్త్ ఫైండర్ నీ బోటు కింద ఏముందో చెప్తుంది గానీ ముందు ఏముందో చెప్పదు.

సీజర్ క్రీక్ అంటే మన మొగ (నీళ్ళు సముద్రంలో కలిసే చోటు) లాంటిదే అనుకో. బే నీళ్ళు ఆటుకి సముద్రంలోకి గట్టిగా లాగుతాయ్, అదే టైముకి తూర్పు గాలి ఎదురొస్తే మొగ దగ్గర కెరటాలు పొట్టిగా నిటారుగా లేస్తాయ్, 19 అడుగుల బోటుకి అది చాలా ఎక్కువ. అందుకని వచ్చేటప్పుడు పోటు మీద (నీళ్ళు లోపలికి వచ్చేటప్పుడు) వచ్చేలా చూసుకో. ఇంకోటి, మయామీ బీచ్ టైడ్ టైము చూసి బే లోపల లెక్క వేయకు, లోపలికి ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో అయితే లాగుడు ఇంకా ఎక్కువ.

గాలం_కొత్తోడు:
అమ్మో, ఎండ సంగతి అసలు తట్టనే లేదు. థాంక్స్ అన్నా. ఒకవేళ మేట ఎక్కేస్తే ఏం చెయ్యాలి? రివర్స్ గట్టిగా కొడితే వచ్చేస్తుందా?

కీస్_కాపు:
అదే చెయ్యొద్దు. ఇంజను ఆపెయ్, పైకి లేపు, దిగి కర్రతో తోసి చూడు, కదలకపోతే లంగరు వేసి పోటు వచ్చేదాకా ఆగు. రేజ్ చేస్తే ఇసుక, గడ్డి నీళ్ళతో పాటు పంపులోకి పోయి ఇంజను వేడెక్కుతుంది, వెనక నీళ్ళు చిమ్మే సన్నటి ధార ఆగిందా చూసుకుంటూ ఉండాలి. పైగా అది నేషనల్ పార్క్, ప్రొపెల్లర్‌తో గడ్డి దున్నితే మళ్ళీ మొలవడానికి ఏళ్ళు పడుతుంది, బాగుచేయించే ఖర్చు కూడా నీ నెత్తినే వేస్తారు.

మాయాబజార్_మయామీ:
పిల్లలంటున్నావు కదా, ఆరేళ్ళ లోపు వాళ్ళకి బోటు కదులుతున్నంతసేపు లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండాల్సిందే, ఫ్లోరిడా చట్టం. కిల్ స్విచ్ తాడు (నువ్వు నీళ్ళలో పడితే ఇంజను ఆపేసేది) నీకు తగిలించుకో, 2021 ఏప్రిల్ నుంచి అదీ రూలే. నువ్వు 1988 జనవరి 1 న గానీ ఆ తర్వాత గానీ పుట్టుంటే బోటర్ కార్డు (బోటు భద్రత కోర్సు పాసైనట్టు ఇచ్చేది) కూడా కావాలి. బయట ఫోన్‌ని నమ్ముకోకు, వీహెచ్ఎఫ్ రేడియో (పడవల రేడియో) పెట్టించు, ఆపదలో పిలవడానికి ఛానల్ 16. ఎక్కడికి వెళ్తున్నావో, ఎన్నింటికి రాకపోతే కోస్ట్ గార్డ్‌కి ఫోన్ చెయ్యాలో ఇంట్లో చీటీ రాసిచ్చి వెళ్ళు.

ఇంకో చిన్న మాట, క్రీక్ నుంచి బయటికి పోయేటప్పుడు దారి చూపే ఎర్ర గుర్తులు నీ ఎడమ పక్కన ఉండాలి, లోపలికొచ్చేటప్పుడు కుడి పక్కన. బే మధ్యలో పసుపు ముక్క అంటించిన గుర్తులు కనిపిస్తే అవి ఇంట్రాకోస్టల్ (తీరం వెంబడి పోయే పడవల) దారివి, వాటి లెక్క వేరు, కంగారుపడి అటు తిరక్కు.

ఉప్పాడ_అబ్బాయ్:
యెల్లోటైల్ 12 అంగుళాల లోపుంటే వదిలెయ్యాలని విన్నా, కానీ పార్క్ లోపల కొన్ని చేపలకి సైజు వేరు, ఫ్లోరిడా వాళ్ళ సైట్‌లో వెళ్ళే ముందు రోజు చూసుకో. చేపల లైసెన్సుతో పాటు రీఫ్ ఫిష్ యాంగ్లర్ అని ఇంకో నమోదు ఉంటుంది, ఫ్రీయే, అదీ తీసుకో. లంగరు మాత్రం ఇసుక మీదే వెయ్యి, పగడం మీద కాదు, వెనక వైపు కట్టకు, ముందు ముక్కుకే కట్టు.

గాలం_కొత్తోడు:
శనివారం గాలి వేగం 18 నాట్లు చూపిస్తోంది. వచ్చే వారానికి వాయిదా వేసేశా. బావమరిదికి బిర్యానీ పెడతాం.

కీస్_కాపు:
18 లో నేనైతే రేవు దాకా కూడా రాను. కానీ ఖాళీగా ఉండకు, ఆదివారం గాలి తగ్గితే ఒక్కడివే క్రీక్ మొదటి గుర్తు దాకా వెళ్ళి, జీపీఎస్‌లో దారి రికార్డు చేసుకుని వెనక్కొచ్చెయ్. గాలం ఇంట్లోనే పెట్టి వెళ్ళు, లేకపోతే ఆగలేవు.